జంట కార్డులు: ఎఫ్‌ఎంజీఈ కోసం ఫస్టియర్ సబ్జెక్టులతో 54 రోజులు

రోజు 1

పోయినసారి ఎఫ్‌ఎంజీఈ (ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్)లో నాకు 138 వచ్చింది. పాస్ కావాలంటే 300కి 150 రావాలి. ఆ 12 మార్కులు ఎక్కడ పోయాయో చూసుకోకుండా మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే, ఈసారి కూడా అక్కడే ఆగిపోతాను. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

2018లో బిష్కెక్ వెళ్లి ఎంబీబీఎస్ చదివాను. 2024లో నల్గొండకు తిరిగొచ్చాను. విదేశంలో చదివిన మాలాంటివాళ్లకు ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్ కావాలంటే ఈ పరీక్ష దాటాల్సిందే. 2002 నుంచి ఉంది ఇది. ఒకే రోజు రెండు భాగాలు, ఒక్కో భాగంలో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. ఫస్టియర్ సబ్జెక్టులైన అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు తలా 17 మార్కులు. పెథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలకు తలా 13.

"ఫస్టియర్ సబ్జెక్టులు వదిలెయ్, మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీఎస్‌ఎం (ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్) బాగా చూసుకో, గట్టెక్కుతావ్" అని సీనియర్లు చెప్తారు. పోయినసారి వాళ్ల మాటే విన్నాను. మూడు సబ్జెక్టులు కలిపితే 51 మార్కులు. నాకు తగ్గినవి 12. పైగా మెడిసిన్ ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఫస్టియర్‌లోనే ఉంటుంది.

ఈరోజు నేను రాసిన చివరి మూడు జీటీలు (గ్రాండ్ టెస్టులు, అంటే నమూనా పరీక్షలు) ముందేసుకుని కూర్చున్నాను. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, అనాటమీలలో తప్పుపోయిన ప్రశ్నలు 64. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో ఎందుకు తప్పుపోయిందో రాశాను. అసలు ఎప్పుడూ వినని విషయాలు 11 మాత్రమే. మిగతా 53 ప్రశ్నల్లో సరైన జవాబు నాకు తెలుసు. దానికి బాగా దగ్గరగా ఉండే ఇంకోటి కూడా తెలుసు. రెండింటిలో దేన్ని పెట్టాలో తెలియక పక్కదాన్ని పెట్టాను.

ఇది కళ్లారా చూశాక టెన్షన్ కొంచెం తగ్గింది. నాకు కావాల్సింది కొత్త నోట్సు కాదు. కలిసిపోయినవాటిని విడదీసి పెట్టుకోవాలి, అంతే.

రోజు 2

పద్ధతి ఇది. ఒక కార్డు మీద ఒక విషయం రాయను. ఏ రెండింటిని తారుమారు చేస్తున్నానో ఆ రెండూ ఒకే కార్డు మీద పక్కపక్కనే ఉండాలి. ముందువైపు రెండు పేర్లు. వెనకవైపు రెండు వరుసల్లో తేడాలు. అన్నింటికన్నా కింద "ఎందుకు?" అని ఒక్క వాక్యం. ఎందుకో రాయలేకపోతే ఆ కార్డు పూర్తికానట్టే లెక్క.

కార్డులకు దళసరి కాగితం కావాలి. మా ఇంట్లో ఏళ్ల తరబడి వచ్చిన శుభలేఖలన్నీ నానమ్మ ఒక సంచిలో దాచిపెట్టింది. మూలలకు పూసిన పసుపు ఇంకా పోలేదు. పసుపు ఉన్న మూలలు కత్తిరించి జాగ్రత్తగా పక్కన పెడితేనే ఇస్తానంది. స్కేలు, బ్లేడు పెట్టి ఒక్కో శుభలేఖను నాలుగు ముక్కలు చేశాను. నున్నటి కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతోంది, బాల్ పెన్ను ఆగుతోంది. సాయంత్రానికి 120 కార్డులు తయారు.

పెట్టడానికి మూడు స్వీటు డబ్బాలు. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకొకసారి, మూడోది పది రోజులకొకసారి. సరిగ్గా చెప్పగలిగితే కార్డు ముందు డబ్బాకు వెళ్తుంది. తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటిదానికే.

రోజు 5

బయోకెమిస్ట్రీతో మొదలుపెట్టాను, ఎందుకంటే 53లో ఎక్కువ భాగం ఇందులోవే.

హెక్సోకైనేజ్, గ్లూకోకైనేజ్. రెండూ గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. హెక్సోకైనేజ్ దాదాపు అన్ని కణాల్లో ఉంటుంది, కేఎం (ఎంజైమ్ సగం వేగం అందుకోవడానికి కావాల్సిన గ్లూకోజ్ మోతాదు) తక్కువ. గ్లూకోకైనేజ్ లివర్‌లో, పాంక్రియాస్ బీటా కణాల్లో ఉంటుంది, కేఎం ఎక్కువ. ఎందుకు? మెదడుకు, కండరాలకు రక్తంలో గ్లూకోజ్ తక్కువున్నా అందాలి. లివర్ మాత్రం వాళ్లందరూ తిన్నాక మిగిలింది తీసుకుని దాచాలి. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో తినే మనిషిలాంటిది లివర్. ఇది రాశాక కేఎం ఎక్కువా తక్కువా అని ఇక తడుముకోలేదు.

హెచ్‌ఎంజీ కోఏ సింథేజ్, హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్. మైటోకాండ్రియాలో ఉండే సింథేజ్ కీటోన్ల తయారీకి పగ్గం లాంటిది. రిడక్టేజ్ కొలెస్టరాల్ తయారీకి. స్టాటిన్లు ఆపేది రిడక్టేజ్‌ని. నాన్న రోజూ రాత్రి వేసుకునే మాత్ర పేరే ఈ కార్డు కింద రాశాను.

ఈరోజు ఎక్కువసేపు పట్టింది సీపీఎస్-1, సీపీఎస్-2 (కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్ అనే రెండు ఎంజైమ్‌లు) కార్డుకి. మొదటిది మైటోకాండ్రియాలో ఉంటుంది, నైట్రోజన్‌ను అమోనియా నుంచి తీసుకుంటుంది, పని యూరియా సైకిల్. రెండోది సైటోసాల్‌లో ఉంటుంది, నైట్రోజన్ గ్లుటమిన్ నుంచి, పని పిరిమిడిన్ల తయారీ. రెండూ తయారుచేసేది మాత్రం ఒకటే: కార్బమాయిల్ ఫాస్ఫేట్.

ఇంతవరకు అందరూ బట్టీ పట్టేదే. ఇక్కడి నుంచి అసలు సంగతి. యూరియా సైకిల్‌లో దీన్ని వాడుకునే ఓటీసీ అనే ఎంజైమ్ లోపిస్తే మైటోకాండ్రియాలో కార్బమాయిల్ ఫాస్ఫేట్ పేరుకుపోతుంది. ఖర్చయ్యే దారి మూసుకుపోయింది కాబట్టి పొంగి సైటోసాల్‌లోకి వచ్చేస్తుంది. అక్కడ పిరిమిడిన్ల దారిలో పడి ఒరోటిక్ యాసిడ్‌గా మారుతుంది. అందుకే ఓటీసీ లోపంలో అమోనియా పెరుగుతుంది, ఒరోటిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. సీపీఎస్-1 లోపంలో కార్బమాయిల్ ఫాస్ఫేటే తయారుకాదు, పొంగడానికి ఏమీ లేదు. అమోనియా మాత్రమే పెరుగుతుంది. మూడోది ఒరోటిక్ యాసిడ్యూరియా: తేడా పిరిమిడిన్ల దారిలోనే ఉంది, యూరియా సైకిల్ బాగానే నడుస్తోంది. కాబట్టి ఒరోటిక్ యాసిడ్ పెరిగినా అమోనియా పెరగదు, మెగలోబ్లాస్టిక్ అనీమియా (రక్తకణాలు మామూలుకన్నా పెద్దగా ఉండే రక్తహీనత) వస్తుంది.

మూడు జబ్బులు, ఒకే కార్డు. ఐదేళ్లు వీటిని మూడు వేర్వేరు లైన్లుగా బట్టీ పట్టి మూడుసార్లూ మర్చిపోయాను. ఈ రాత్రి కాగితం మీద రెండు గదులు గీసి, మధ్యలో గోడ పెట్టి, పొంగి బయటికొచ్చే బాణం వేశాక అర్థమైంది. అలా గీసుకుంటూ ఒంటిగంట దాటిందని కూడా చూసుకోలేదు. "ఏం బిడ్డా, ఇంక పండుకోవా?" అని నానమ్మ వచ్చి లైటు వైపు చూసింది.

రోజు 9

ఫోలిక్ యాసిడ్, బీ12. రెండింట్లో ఏది లోపించినా మెగలోబ్లాస్టిక్ అనీమియానే. హోమోసిస్టీన్ రెండింట్లోనూ పెరుగుతుంది. మిథైల్ మలోనిక్ యాసిడ్ బీ12 లోపంలో మాత్రమే పెరుగుతుంది. నరాలు దెబ్బతినేది కూడా బీ12 లోపంలోనే. ఫోలేట్ నిల్వలు కొన్ని నెలల్లో అయిపోతాయి, బీ12 నిల్వలు కొన్నేళ్లు వస్తాయి. బీ12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది కానీ నరాలు లోపల్లోపల చెడిపోతూనే ఉంటాయి. ఈ ఒక్క వాక్యాన్ని ఎర్ర పెన్నుతో రాశాను. పరీక్ష అయ్యాక కూడా, రేపు ఓపీలో కూర్చున్నప్పుడు కూడా ఇది నాకు గుర్తుండాలి.

ఈ కార్డు రాస్తుంటే యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర ఆగిపోయాను. 1895లో భీమవరంలో పుట్టారు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. మన బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పుస్తకంలో ఆ పేరు చూసి దాటిపోతాం. కండరంలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది ఆ పని నుంచే. తర్వాత అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే క్యాన్సర్ మందు అమినాప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. మా వైపు ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్ర డీఈసీ కూడా అక్కడిదే.

బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, పారాసైటాలజీ అని మనం మూడు పుస్తకాల్లో విడివిడిగా చదివే విషయాలు ఒకే మనిషి బల్ల మీద కలిసి ఉన్నాయి. ఒక కార్డు మధ్యలో ఆయన పేరు రాసి, అక్కడి నుంచి గీతలు గీశాను. మెథోట్రెక్సేట్ ఆపే ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ విషప్రభావం నుంచి కాపాడటానికి ఫోలిక్ యాసిడ్ కాకుండా ఫోలినిక్ యాసిడ్ ఎందుకు ఇస్తాం? ఫోలిక్ యాసిడ్ పనిచేయాలంటే ఆ ఎంజైమే కావాలి, అది ఇప్పుడు మూతపడి ఉంది. ఫోలినిక్ యాసిడ్‌కు ఆ ఎంజైమ్‌తో పనిలేదు. ఫోలిక్, ఫోలినిక్ నాకు మొన్నటిదాకా ఒకటే మాటలా వినిపించేవి.

రోజు 13

ప్రాజెక్టులో పెద్ద లోపం బయటపడింది.

మూడో డబ్బాలోకి 31 కార్డులు చేరాయి. సంతోషపడి ఆ 31 జంటల మీద క్యూబ్యాంక్‌లో (ప్రాక్టీసు ప్రశ్నల బ్యాంకు) ప్రశ్నలు వెతికి చేశాను. 12 తప్పులు. నిన్న రాత్రే గడగడా చెప్పిన కార్డులు అవి.

తమ్ముడు పట్టుకున్నాడు. వాడు బీటెక్, మెడిసిన్ గురించి వాడికేం తెలియదు. కార్డు పైకెత్తి చూపించి, పేర్ల మీద బొటనవేలు అడ్డం పెట్టి "ఇదేంటక్కా?" అన్నాడు. "సీపీఎస్" అన్నాను వెంటనే. "పేరు కనబడకుండానే ఎట్ల చెప్పినవ్?" అన్నాడు. ఆ ముక్క మీద శుభలేఖ తాలూకు ఏనుగు బొమ్మ సగం ఉంది. నేను గుర్తుపడుతున్నది ఏనుగుని. బంగారు రంగు కలశం ఉంటే గ్లూకోకైనేజ్. "సుముహూర్తం" అన్న మాట సగం తెగి ఉంటే ఫోలేట్. పదమూడు రోజులుగా నేను చదువుతున్నది ఈ బొమ్మల్ని.

ఈరోజు కొత్త కార్డులేవీ రాయలేదు. ఉన్నవాటన్నిటికీ రెండు వైపులా తెల్లకాగితం అంటించి, అన్నీ ఒకే సైజుకు కత్తిరించి, అన్నీ నల్ల పెన్నుతో తిరిగి రాశాను. బంక ఆరాక కొన్ని వంకర పోతే నిఘంటువు కింద పెట్టి అణిచాను. మూడు డబ్బాల్లోవీ కలిపేసి మొత్తం మొదటి డబ్బాలో వేశాను.

ఇంకో నియమం కూడా చేర్చాను. కార్డు నా చేతిలో ఉండదు. తమ్ముడో నాన్నో పట్టుకుని ముందువైపు చదవాలి, నేను పైకి చెప్పాలి, ముందు తేడా, తర్వాత ఎందుకో. అర్థం కానివాళ్లకు చెప్పేటప్పుడు మాట తడబడిందంటే అక్కడే నాకు రాదని లెక్క.

రోజు 18

అనాటమీ. దీనికి కార్డు సరిపోదు, చెయ్యి కావాలి. తమ్ముడి కుడిచేతి మీద స్కెచ్ పెన్నుతో గీశాను.

నా తప్పుల పట్టికలో మూడుసార్లు వచ్చిన జంట: మీడియన్ నరం దెబ్బతింటే చెయ్యి ఎలా ఉంటుంది, అల్నార్ నరం దెబ్బతింటే ఎలా ఉంటుంది. ఫొటోలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రెండు వేళ్లు వంగి, మిగతావి చాచి. ప్రశ్నలో ఒక్క మాట దగ్గర ఆగితే చాలు: ఆ మనిషి అప్పుడు ఏం చేస్తున్నాడు?

"పిడికిలి బిగించు" అన్నాను తమ్ముడితో. చూపుడువేలు, మధ్యవేలు మడవకుండా పట్టుకున్నాను. ఉంగరంవేలు, చిటికెనవేలు మాత్రం మూసుకున్నాయి. ఇది మోచేతి దగ్గరో అంతకన్నా పైనో మీడియన్ నరం దెబ్బతిన్న చెయ్యి. పిడికిలి బిగించమన్నప్పుడు బయటపడుతుంది. తర్వాత "చెయ్యి ఊరికే పెట్టు, ఇప్పుడు వేళ్లు చాచు" అన్నాను. చిటికెన, ఉంగరం వేళ్లు కొక్కెంలా వంగి ఉండేలా నేనే పట్టుకున్నాను. ఇది అల్నార్ క్లా. ఊరికే ఉన్నప్పుడు, వేళ్లు చాచబోయినప్పుడు కనిపిస్తుంది.

ఇంకొంచెం లోపలికి వెళ్తే అల్నార్ పారడాక్స్ ఉంది. మామూలుగా నరం పైన తెగితే నష్టం ఎక్కువ, వంకర కూడా ఎక్కువ ఉండాలి అనుకుంటాం. అల్నార్ నరం మోచేతి దగ్గర తెగితే వంకర తక్కువ, మణికట్టు దగ్గర తెగితే ఎక్కువ. చివరి కణుపుల్ని లోపలికి లాగే ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్ కండరంలో చిటికెన, ఉంగరం వేళ్ల వైపు సగానికి నరం వెళ్లేది ముంజేతిలోనే. మణికట్టు దగ్గర తెగితే ఆ కండరం బతికే ఉంటుంది, గట్టిగా లాగుతుంది, కొక్కెం ముదురుతుంది. మోచేతి దగ్గర తెగితే లాగే కండరమే పడిపోయింది. నేను నరాలు చూపిస్తుంటే తమ్ముడు, "అంటే తాడు తెగితే బకెట్ పైకి రాదు కదా" అన్నాడు. అదే మాట కార్డు కింద రాసుకున్నాను.

మెడ దగ్గరి నరాలు దెబ్బతింటే చేతికి వచ్చే పక్షవాతాలు అర్బ్, క్లంప్కీ కూడా ఈరోజే అయిపోయాయి. సీ5, సీ6 దెబ్బతింటే పై చెయ్యి పడిపోతుంది. సీ8, టీ1 దెబ్బతింటే అరచెయ్యి.

రోజు 26

ఫిజియాలజీ అనుకున్నదానికన్నా తొందరగా నడుస్తోంది. ఇందులో ఎందుకు అనే ప్రశ్న ముందే ఉంటుంది. ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ కుడివైపు జరగడానికి, అంటే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదలడానికి, కారణాలు కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత, వేడి, 2,3-బీపీజీ: పరిగెత్తే కాలి కండరంలో ఇవన్నీ ఉంటాయి, ఆక్సిజన్ వదిలేయాల్సింది అక్కడే. కడుపులో బిడ్డ హిమోగ్లోబిన్ ఎడమవైపు, ఎందుకంటే అది తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ తీసుకోవాలి. సెంట్రల్, నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్ (పలచటి మూత్రం ఎక్కువగా పోయే జబ్బు) కూడా అంతే. డెస్మోప్రెసిన్ ఇస్తే మూత్రం చిక్కబడితే లోపం మెదడు వైపు, లేకపోతే కిడ్నీలో. 22 కార్డులు, నాలుగు రోజులు.

రోజు 31

ఈరోజు పీఎస్‌ఎంలోకి వెళ్లాను. న్యూట్రిషన్, నీళ్ల చాప్టర్లు బయోకెమిస్ట్రీ తర్వాత చదివితేనే బాగుంటాయనిపించింది.

పెలాగ్రా (నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) అంటే మొక్కజొన్న అని పుస్తకం. మొక్కజొన్నలో నియాసిన్ కట్టుబడిపోయి ఉంటుంది, ట్రిప్టోఫాన్ తక్కువ. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది, కాబట్టి లెక్క సరిపోతుంది. మరి జొన్న? జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. అయినా జొన్న తప్ప వేరే తిండి లేని పేదల్లో పెలాగ్రా కనిపించింది. జొన్నలో లూసిన్ అనే అమినో యాసిడ్ ఎక్కువ ఉండటమే కారణమని 1960లో సి. గోపాలన్, శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న చోట జరిగిన పని అది. మొక్కజొన్న, జొన్న: ఇది మా పక్కనే పుట్టిన జంట కార్డు.

తర్వాతది నల్గొండ టెక్నిక్. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. సున్నం, పటిక కలపడం, గడ్డకట్టించడం, తేర్చడం, వడకట్టడం. క్రిములకు బ్లీచింగ్ పౌడర్. బిష్కెక్‌లో వేరే రాష్ట్రాల ఫ్రెండ్స్ నన్ను "నల్గొండ టెక్నిక్" అని పిలిచేవాళ్లు. వాళ్లకు అదొక వన్‌లైనర్.

నానమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. పెళ్లయ్యేదాకా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బోరునీళ్లే తాగింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, ఒళ్లంతా తిప్పి చూస్తుంది. ఇప్పటిదాకా దాన్ని ముసలితనం అనుకున్నాను. ఈరోజు కార్డు మీద "స్కెలిటల్ ఫ్లోరోసిస్: వెన్ను బిగుసుకుపోవడం, లిగమెంట్లలో కాల్షియం చేరడం" అని రాస్తూ తలెత్తితే, నానమ్మ ఎదురుగా చేటలో బియ్యం ఏరుతూ కనిపించింది. కిందపడ్డ గింజను తీసుకోవడానికి నడుము వంచలేక, ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

లేచి వెళ్లి ఆమె మోచెయ్యి పూర్తిగా చాపించి చూశాను. చాచలేకపోయింది. "ఎన్నడో పోయింది బిడ్డా అది. మా అక్కలందరికీ గంతే" అంది. ఎక్స్‌రే తీయిస్తేగానీ ఖాయంగా చెప్పలేను, వచ్చే వారం నాన్నతో చెప్పి తీయించాలి.

జంట: జెను వాల్గమ్, అంటే మోకాళ్లు లోపలికి ఒరుసుకునేది. రికెట్స్‌లో వస్తుంది, ఫ్లోరోసిస్‌లోనూ వస్తుంది. నల్గొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌తో వచ్చే ఈ రూపాన్ని 1970లలో హైదరాబాద్ పరిశోధకులే వివరించారు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ అంకెను ఇక ఎవరూ నాకు గుర్తు చేయక్కర్లేదు.

రోజు 38

జీటీ రాశాను. మొదటి మూడు సబ్జెక్టుల్లో 51కి 37. పాత మూడు జీటీల్లో సగటున 30. మొత్తం 164.

తప్పుపోయిన 14 విప్పి చూశాను. ఎనిమిది అసలు తెలియనివి. జంటలు కలిసిపోయి పోయినవి ఆరు. అంటే పద్ధతి పనిచేస్తోంది, ఇప్పుడు మిగిలింది ఖాళీలు. వాటికి కార్డులు అక్కర్లేదు, ఆ పేజీలు ఒకసారి కూర్చుని చదివితే చాలు. ఆ ఆరింటిలో మూడు, నేను కార్డు రాసినవే. మూడింటి కిందా "ఎందుకు" దగ్గర పుస్తకంలోని వాక్యం యథాతథంగా దించేశాను. చించేసి నా మాటల్లో మళ్లీ రాశాను.

రోజు 45

ఫిలిప్పీన్స్‌లో చదివిన, ఖమ్మం వైపు ఫ్రెండ్ రాత్రి వీడియో కాల్ చేసింది. తనకు ఈ పరీక్ష రెండోసారి కూడా కాదు, ఇంకా ఎక్కువ. ఏడ్చింది. తన తప్పుల్ని కూడా ఇలాగే విడదీసి చూద్దామని టీబీ మందుల దగ్గర మొదలుపెట్టాం. రిఫాంపిసిన్ లివర్ ఎంజైమ్‌లను పెంచుతుంది, కాబట్టి గర్భనిరోధక మాత్రలు పనిచేయకుండా పోతాయి. ఐసోనియాజిడ్ ఎంజైమ్‌లను అణిచేస్తుంది, కాబట్టి ఫెనిటాయిన్ రక్తంలో పెరుగుతుంది. కళ్లకు ఇథాంబ్యుటాల్, యూరిక్ యాసిడ్‌కు పైరజినమైడ్. గంటలో తొమ్మిది కార్డులు రాసింది. రేపటి నుంచి రోజూ రాత్రి తొమ్మిదింటికి, పది నాకు, పది తనకు.

రోజు 54

కార్డులు 171. మూడో డబ్బాలో 149, రెండో దాంట్లో 14, మొదటి దాంట్లో 8.

ఆ ఎనిమిదీ ఇవి: ఫొరామెన్ ఓవేల్, స్పైనోజమ్‌ల గుండా పోయేవి; పాంపే, మెక్ఆర్డిల్ జబ్బులు; కంపిటిటివ్, నాన్‌కంపిటిటివ్ ఇన్హిబిషన్ గ్రాఫులు; గుండె కండరం, ఎస్ఏ నోడ్ యాక్షన్ పొటెన్షియల్స్; ఇంకో నాలుగు అనాటమీవి. గ్రాఫులు రెండింటినీ పొద్దున్నే చూడకుండా గీయాలి, మూడుసార్లు.

నానమ్మ ఎక్స్‌రే వచ్చింది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో కాల్షియం తెల్లటి గీతలా కనిపిస్తోంది, పుస్తకంలో ఉన్నట్టే. సోమవారం ఆర్థోకు చూపిస్తున్నాం. ఆ ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి పెట్టి తమ్ముడికి చూపించాను. "ఇది ఏ డబ్బాలో ఏస్తవక్కా?" అని అడిగాడు. దాన్ని డబ్బాలో పెట్టలేదు, టేబుల్ ముందున్న గోడకు తగిలించాను.